అమ్మవారి చీర

పోగు పోగుగా లోకాలను నేసి కాపాడే చౌడేశ్వరీ మాతకు తొలుత మ్రొక్కి, ఈ ముచ్చట విన్నవిస్తున్నాను.

ధర్మవరంలో ఒక్క గుంతమగ్గంతో మొదలై రెండువందల మరమగ్గాలకు అధిపతియైన పెద్దాయనకు ఇప్పుడు చూపు లేదు. జాతరనాడు అమ్మవారికి సమర్పించవలసిన చీర ఆయన ఒడిలో ఉంది. ఎదుట, ఏటా ఆ చీరను గుంతమగ్గం మీద నేసే ఆయన తొలినాటి నేతగాడు కూర్చున్నాడు. పక్క షెడ్డులో మరమగ్గాలు హోరెత్తుతున్నాయి.

“చీర చేతిలో జారుతాండాదప్పా. అంచులోంచి ఒక పోగు తీసి కాల్చు.”

“అమ్మవారి చీరకే పరీక్షా అన్నా?”

“నాకు నీతులు చెప్పేంత పెద్దోడివైనావా? కాల్చు.”

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన రావాలి. పెద్దాయన ముక్కుకు ప్లాస్టిక్కు కమురు సోకింది.

“ఇది పట్టు కాదు. నువ్వు నేసిందీ కాదు.”

“గుంతమగ్గం యాడుండాదన్నా? పోయిన నెలే నీ కొడుకు పూడ్పించి, ఈ చీర మరమగ్గం మీద నేయించినాడు. నీతో చెప్పేదానికి నాకు నోరు రాలేదు.”

“ఆ మగ్గం మీద తొలి చీర నేసిన్నాడు తల్లికి ఏమని మొక్కినానో గుర్తుండాదా?”

“మరిచిపోతానా? ‘నీ చీరలో పోగు మారిన్నాడు నా మగ్గాలన్నీ మూగబోనీ’ అంటివి.”

పక్క షెడ్డులోని హోరు ఒక్కసారిగా ఆగిపోయింది.

“కరెంటు పోయిందిలే అన్నా,” అన్నాడు నేతగాడు.

పెద్దాయన తల మీదికి చేయెత్తి, గాలిలో కాసేపు అట్లే ఉంచాడు.

“పోలేదప్పా. ఫ్యాను తిరుగుతానే ఉండాది.”

ఇది విన్నవారి యిండ్లలో ఆడిన మాట నిలుచుగాక, పోగు తెగకుండుగాక. ఆ తల్లి అందరినీ చల్లగా చూచుగాక.