తలా పొట్టా లేని గిటారు

సాయిలు కోతలు కోస్తాడని కొంతం చౌక్‌లో అందరికీ తెలుసు. తెలిసే వింటారు. ఓంకార్ హోటల్లో చాయ్‌తో పాటు నంజుకోవడానికి అంతకన్నా రుచైనది ఇంకోటి లేదు మరి.

ఆ రోజు మాత్రం సాయిలు చేతిలో ఒక కట్టె ఉంది, కడుపులో దిగులుంది. రేపు కొడుకు ఈ వాడకట్టులోని పాత ఇల్లు ఖాళీ చేసి, అందరినీ హోట్గి రోడ్ ఫ్లాటుకు తీసుకుపోతున్నాడు. పాత సామాను ఒక్కటి కూడా కొత్తింట్లో అడుగు పెట్టొద్దని గట్టిగా చెప్పాడు. అన్నీ ఇచ్చేశాడు సాయిలు, ఈ కట్టెను పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. ఓంకార్ తన గోడ మీద దీనికి కాస్త జాగా ఇస్తే చాలు. నోరు తెరిచి అడగడానికి నామోషీ అనిపించింది. అందుకని కోతకు దిగాడు.

"ఏంది మామా అది, రోకలా?" అన్నాడు ఓంకార్ చాయ్ వడగడుతూ.

"రోకలట! గిటారు రా, కరెంటు గిటారు. ఇది మా అయ్య మగ్గం దోనె, నేసిన బట్ట చుట్టుకునే కట్టె. చేతి మగ్గాలు పీకి అందరు కరెంటుతోని నడిచే సాంచెల మీదికి పోతున్న దినాలవి. మార్కండేయ రథం ఊరేగింపుల వాయించాలె అని నేను పట్టువట్టిన. బజార్ల గిటారు జూస్తె దానికి గింత పొట్ట, గింత తల. మా ఇంట్ల మగ్గానికే జాగ లేకపాయె, పొట్ట ఉన్నదాన్ని యాడ పండవెడ్త? పొట్ట తీసేసిన. తల పక్కింటోళ్ల పడుగుకు తాకుతది, తల గూడ తీసేసిన. తీగలు బిగిచ్చే చెవులన్ని కిందికి దెచ్చి బోల్టులు వెట్టిన. తొడ మీద ఆనెతందుకు ఒక సలాక వంచిన. బస్, గంతే!"

బెంచీ చివర కూర్చున్న రాజారాం మీసాల్లో నవ్వుకున్నాడు. సాయిలూ ఆయనా ఒకే కార్ఖానాలో సాంచెలు నడిపినవాళ్లు.

ఓంకార్ కూతురు ప్రణాలి అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. అక్కడ గిటారు వాయించే పిల్ల కావడంతో నేరుగా కట్టె దగ్గరికే వచ్చి వంగి చూసింది. "ఈ మెట్లు దేంతోని చేసినవు తాతా?"

"సాంచెకు దువ్వెన తీర్గ పన్నె ఉంటది గదా, దాని ఇనుప పుల్లలు. తీగలేమో సైకిల్ బ్రేకు వైరుల పాయలు. అయస్కాంతం పాత రేడియోలది. దాని సుట్టు రాగి తీగ మా అమ్మ సుట్టింది, కండెలు సుట్టే రాట్నం మీద. ఒక్క సుట్టు మీద ఇంకో సుట్టు ఎక్కలే."

అంతవరకూ అబద్ధం లేదు. అమ్మ మాట రాగానే సాయిలుకు పాత గల్లీ గుర్తొచ్చింది. ఆ రాట్నం చప్పుడుకే కదా ఒకప్పుడు గల్లీ అంతా నిద్ర లేచేది! ఆ గల్లీ లేదు, ఆ చప్పుడూ లేదు. ఓంకారేమో గ్లాసులు కడుక్కుంటున్నాడు తప్ప గోడ వైపు చూడటం లేదు. సాయిలు గొంతు పెంచాడు.

"ఊరేగింపుల ఒక్క తీగ మీటిన. ఏమైందో ఎర్కేనా? బ్యాండోళ్లు బాజాలు కింద వెట్టి దండం వెట్టిన్రు. అటెన్క కార్ఖానల వాయించిన. సాంచెలన్ని నా తాళం మీద నడిచినయ్! చాదర్ల మీద నెమళ్లు నేస్తుంటిమి, ఆ నెమళ్లు తాళానికి కాళ్లు లేపినయ్. ఆ చాదర్ కప్పుకున్నోడు గురక గూడ రాగంల వెట్టె. ఒకాయన గురక ఇనెతందుకు పక్కూరికెళ్లి సుట్టాలు రావట్టిరి!"

"ఖరంచ్? నిజమేనా మామా?" అన్నాడు ఓంకార్, ఊరి మరాఠీ కలిపి.

"ఇంకా ఇను. ఒక దినం ఊరంత కరెంటు వోయింది. నేనేం జేసిన? గిటారు వైరు ఉల్టా తగిలిచ్చి వాయించిన. గిటారుల కరెంటు స్తంభాలకు ఎక్కింది! అన్ని వాడల సాంచెలు నడిచినయ్, విడీ ఘర్కుల్‌ల ఇంటింటికి లైట్లు వెలిగినయ్."

"అప్పటికి విడీ ఘర్కుల్ యాడిది? ఆ బీడీలు చుట్టేటోళ్ల ఇండ్లు అప్పటికి కట్టనేలేదు గదరా," అన్నాడు రాజారాం.

"కట్టకముందే వెలిగినయ్ బావా! గదే గదా గొప్ప!"

హోటలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో ప్రణాలి కట్టెను తొడ మీద ఆనించుకుని తీగలు ఒక్కొక్కటే మీటింది. ముఖం చిట్లించి మళ్లీ మీటింది.

"తాతా, ఆరు తీగలు ఒక్క తీర్గనే పలుకుతున్నయి!"

రాజారాం ఇక ఆగలేకపోయాడు. "పలుకయా మరి? సాలోడు కట్టిన తీగలాయె! పడుగు బిగిచ్చినట్టు ఆరిటిని ఒక్క తీర్గ బిగిచ్చిండు. ఒక పోగు బిగువు, ఒక పోగు సడలు ఉంటె మన చెయ్యి ఊకుంటదా? ఆ దినం నేను పక్కనే ఉంటి. బ్యాండ్ మాస్టరు 'ఇంకో తీగ కొట్టు' అంటడు, వీడు ఇంకోటి కొడ్తడు, గదే మోత! మూల మలగకముందే ఊరేగింపులకెళ్లి ఎల్లగొట్టిండు."

సాయిలు ముఖం మాడిపోయింది. గోడ మీద జాగా కూడా ఆ నవ్వులతోనే పోయిందనుకుని లేచి కట్టె కోసం చేయి చాచాడు.

"ఉండు తాతా, నేను సుతి జేస్త. ఒక్కో తీగ ఒక్కో బిగువుకు తేవాలె, గంతే," అంటూ ప్రణాలి బోల్టు మీద వేళ్లు వేసింది.

"వద్దు బిడ్డా!"

ఆ గొంతు విని నవ్వేవాళ్లు ఆగిపోయారు. సాయిలు కోత గొంతు కాదది.

"మా అయ్యకు నా నేత ఎన్నడు నచ్చలే. 'సడలు, సడలు' అంటుండె. ఎల్లగొడితె ఆ దినం ఏడ్సుకుంట ఇంటికొయిన. ఆయన దీన్ని గుంజుకున్నడు. ఇరగ్గొడ్తడు అనుకున్న. తీగల మీద ఇట్ల అరచెయ్యి ఆనిచ్చి, ఈ కొసకెళ్లి ఆ కొసకు రాసి జూసిండు. 'ఒక్క పోగు గూడ సడల్లేదురా' అన్నడు. అసొంటి మంచి మాట ఇంకెన్నడు అన్లే. నేను మళ్ల ఆ బిగువు తప్పనియ్యలే. ఏ బోల్టు సడలినా మళ్ల గంతకే తెస్త."

ప్రణాలి మెల్లగా వేళ్లు తీసేసింది. ఓంకార్ చేతులు తుడుచుకుని స్టూలెక్కాడు. గోడ మీద పాత క్యాలెండర్ తీసి, ఆ మేకును ఇంకో రెండు దెబ్బలు గట్టిగా కొట్టి, "ఇటియ్యి మామా," అన్నాడు. తలా పొట్టా లేని గిటారు అందరికీ కనిపించేలా గోడెక్కింది.

రాజారాం బెంచీ మీంచి లేచి గోడ దగ్గరికి వచ్చాడు. "ఇన్నేండ్ల సంది ఇన్ని కోతలు కోస్తివి గదరా సాయిలూ. ఈ ముచ్చట ఒక్కసారన్న జెప్పకపోతివి?"

సాయిలు చేయెత్తి తీగల మీద అరచేయి ఆనించాడు.

"మా అయ్య నన్ను మెచ్చుకున్నడంటె మీరు నమ్ముతుంటిరా బావా?"