వియ్యపురాలి పంచలో మీ తాత

— అవ్వా, తాత సంగతి చెప్పు. ఫోన్లో పట్టుకుంటా. మొదుట్నుంచీ చెప్పు.

మొదుట్నుంచీ అంటే యాడ నుంచి చెప్పల్ల మే పాపా. అది పని చేస్తాందా? సరే. మీ తాత పోయినాక చూడ్డానికొచ్చినోళ్లంతా ఒకటే మాట అన్యారు, దేవునట్లాంటి మనిషి అని. నేను నోరు మూసుకోని కూచున్యా. దేవునట్లాంటి మనిషే, కాదన్ల. ఆ దేవునితో సంసారం చేసింది నేను గదా. ఎట్లుంటాదో నన్నడగల్ల.

ఒక తావ కూచునే మనిషి కాదు. తెల్లారకముందే లేస్తాడు, ఎద్దులకు మేతేస్తాడు, అది ఆయన పని, సరే. ఆ తర్వాత పొరక పట్టుకోని వాకిట్లో కసువు ఊడుస్తాడు. మొగోడు వాకిలి ఊడిస్తే ఎదురింటోళ్లు నన్నేమంటారు? పెండ్లాం ఇంగా పండుకోనుంది, మొగునితో ఊడిపిస్తాంది అనరా? అన్యారు గూడా. నేను పొరక తీసి అటక మీద దాచిపెట్టినా. ఏం జేసినాడంటావు, యాపకొమ్మ ఇరుచుకోనొచ్చి దాంతో ఊడ్చినాడు. ఏమప్పా నీకేమన్నా తిక్కా అంటే, ఊరికే నిలబడుకోని ఏం జేయల్ల అంటాడు. ఇట్లాంటోనితో ఏం మాట్లాడతావు?

మీయమ్మ సరోజ పుట్టినాక మాకు ఇంగ పిల్లోళ్లు కాలేదు. ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డను టవాల్లో మూట గట్టి వీపునేసుకోని సేద్యానికి పోతాండె. ఊర్లో మొగోళ్లు నవ్వుతాండ్రి. ఈయనకు పట్టదు. అప్పుడు శనక్కాయల మూట యాభై రూపాయలుండె... కాదు కాదు, అది మా నాయన కాలంలో. ఆ దుడ్లకు ఇప్పుడు టీ గూడా రాదు. టీ వస్తాదిలే, రెండొస్తాయి. ఏం చెప్తాన్యా నేను?

ఆఁ, మీయమ్మ. మీయమ్మను పామిడికిచ్చినాం. మీ నాయన లారీ తోలేటోడు, ఇప్పుడన్నా ఇంటి కాడుంటాడు, అప్పుడైతే పోయినాడంటే ఏ దేశంలో ఉన్యాడో తెలీదు. ఇంట్లో మీ జేజి, మీ నాయన తల్లి, ఒక్కతే. మొగుడు పోయి, ఒక్క కొడుకును పెంచుకున్న మనిషి, మాట గట్టిది. కాన్పుకు మీయమ్మ మన ఇంటికొచ్చింది. మీయమ్మ ఇదే ఇంట్లో ఉండంగా కదిరి ఆసుపత్రికి తీస్కపోతే నువ్వు పుట్నావు.

పుట్టినప్పుడు నీ పాదాలు రెండూ లోపలికి తిరుక్కోని ఉండె. అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటాన్నట్లు. మీ జేజి వచ్చి గుడ్డ తీసి చూసి, గ్రహణం దినం మీ బిడ్డ కత్తిపీట ముట్టుకున్నట్లుంది అనేసి పోయింది. మీయమ్మ గోడ తట్టు తిరిగి పండుకునింది. మూడు దినాలు గంజి గూడా సరిగ్గా తాగలేదు. నేను ఏడుస్తాన్యా. ఈయన మాత్రం ఏడ్సలేదు. ఊర్లోకి సూదులేసేదానికి నర్సమ్మ వస్తాండె, ఆయమ్మ ఎనకాల పడినాడు. ఇంటింటికీ ఆయమ్మ పోతాంటే ఈయనా పోతాండాడు, మా పాపకు ఏం జేయల్ల చెప్పమ్మా అని. ఆయమ్మే చెప్పింది. పసిదిగా ఉన్నప్పుడే పిండికట్టు ఏస్తే సరిగ్గా వస్తాయి పెద్దాయనా, వారం వారం కట్టు మార్చల్ల, అనంతపురం పోవల్ల అని.

ఇంగ చూడు. ప్రతి బేస్తవారం తెల్లచొక్కా ఏసుకునేది, నిన్ను రొమ్ముకు ఆనించుకోని టవాలు కప్పేది, మీయమ్మను ఎంట బెట్టుకోని కదిరికి ఆటోలో, కదిరి నుంచి బస్సులో అనంతపురం. పాలకు తప్ప నిన్ను మీయమ్మకు గూడా ఇయ్యకుండె. బస్సు ఎగిరితే కట్టు కదులుతాదంట. నాకిస్తే మాత్రం ఎత్తుకోనా, బిడ్డను కన్న దాన్ని గదా నేను? నాకూ ఇయ్యడు. వాకిట్లో నుంచి చూడల్ల, అంతే.

ఆ ఏడు ముంగారు వానలే ల్యా. మోడం పట్టేది, గాలొచ్చి కొట్టకపొయ్యేది. ఆకాశం చూసి చూసి అందరికీ మెడలు పట్టుకున్యాయి. అట్లుండంగా ఒక బుధవారం మాపటికి వచ్చింది మే వాన, చేన్లన్నీ తడిసేటట్లు. మన ఎర్రనేలలో పదును రెండు మూడు దినాలు నిలబడితే ఎక్కువ. ఆ లోపల విత్తనం పడల్ల, లేదంటే ఆ ఏడు అంతే. పొద్దన్నే ఊరంతా ఎద్దులకు విత్తనం గొర్లు గట్టుకోని చేన్లకు పోతాంది. నేను విత్తనాలు గంపకెత్తి, సద్ది మూట గట్టి బయటికొచ్చి చూస్తే ఈయన తెల్లచొక్కా ఏసుకోని నిలబడుకోనున్యాడు.

"యాడికప్పా?" అన్యా.

"బేస్తవారం గదా."

"పదును పోతాది. ఒక్క వారం ఆలస్యమైతే ఏమైతాది?"

"పదును మళ్లా వస్తాది. పాప ఎముక మెత్తగుండేది ఇప్పుడే."

అనేసి ఆటో ఎక్కినాడు. ఆ గంప ఆడనే దించి, ఆయన ఎనకాల నేను తిట్టిన తిట్లు ఊరంతా విన్యారు. ఆపొద్దు నీ కాలు కట్టు కింద ఒరుసుకోని పుండైండెనంట, రేపు చూసి ఏస్తామని ఆడనే ఉండమన్యారంట. అందరూ ఆసుపత్రి వరండాలో పండుకున్యారు. ఈడ నేను మా తమ్ముని కాళ్లా ఏళ్లా పడి, వాని చేను అయినాక వాని ఎద్దులతో మన కింద చేను విత్తించినా. పై చేను మిగిలిపాయ. ఆయన వచ్చే కాడికి గాలికి ఆరిపోయి నేల సిమెంటట్ల అయింది. ఆ ఏడు పై చేన్లో గడ్డి తప్ప ఇంగేం మొలవలా. ఆయన దాని గట్టు మీద నిలబడి రవంతసేపు చూసి ఇంటికొచ్చినాడు. ఒక్క మాటన్నా అనల్ల గదా, నీకు కష్టమాయ అనో, తప్పాయ అనో. ఊహూఁ. ఎద్దులు కడగను పోయినాడు.

అదైనా సహించినా మే. తర్వాత చేసింది విను.

కట్లన్నీ అయినాక నీ పాదాలు చక్కగా వచ్చినాయి. అబద్ధమెందుకు, చూసి నేను గూడా మొక్కుకున్యా. అప్పుడు బూట్లిచ్చినారు. రెండు బూట్లకూ నడాన ఇనప కడ్డీ. మొదట్లో పగలూ రాత్రీ ఏసుండల్ల, ఆ తర్వాత నిద్రపోయినప్పుడంతా, నాలుగేండ్లొచ్చేదాంకా. ఏయకుంటే పాదాలు మళ్లా తిరుక్కుంటాయి అని చెప్పి పంపించినారు. నువ్వేమో అవి ఏస్తే ఏడుపు. మెల్లగా అలవాటైతాందనగా మీ జేజి మనిషిని పంపించింది, కోడల్నీ బిడ్డనీ తోడుకోని రమ్మని. పంపించినాం. పంపించక ఏం జేస్తాం, వాళ్ల బిడ్డ.

కొన్నాళ్లకు ఈయన చూసొస్తానని శనక్కాయలూ బెల్లమూ మూట గట్టుకోని పామిడికి పోయినాడు. పోయి చూస్తే బూట్లు గోడకు మేకుకు తగిలించుండాయి. మీ జేజి ఇప్పేసింది. నా మనవరాలికి సంకెళ్లేస్తే నేను చూడను అనిందంట. మీయమ్మకు నోరు ల్యా ఆ ఇంట్లో. ఈయన పాదం పట్టుకోని చూస్తే ఒకటి అప్పుడే లోపలికి తిరగబట్టిందంట.

ఇంగొకడైతే కొట్లాడతాడు, లేదంటే బిడ్డను తోడుకోని ఇంటికొస్తాడు. ఈయన ఏం జేసినాడో తెలుసునా? ఇంటి ముందర పంచలో టవాలు పరుచుకోని కూచున్యాడు. సాయంత్రం బస్సుకు పోతాడనుకున్యారంట వాళ్లు. పోలా. మర్నాడు పొద్దన్నే లేచి వాళ్ల వాకిలి ఊడ్సినాడు. బిడ్డనిచ్చిన ఇంట్లో, మొగదిక్కు లేని ఇంట్లో, వియ్యపురాలి పంచలో పోయి కూచునేది యాడన్నా ఉండాదా? ఎవురికన్నా చెప్పుకోగలనా నేను?

వాళ్ల వీధిలో కొళాయి ఎండిపోయిండె. పెన్నలో నీళ్లు యాడివి, అంతా ఇసుకే. ఈయన ఇసుక తోడి చెలమ చేసి, ఊరిన నీళ్లు ముంచుకోని బిందెలతో ఇంటికి మోసినాడు. బర్రెకు కసువు కోసుకోనొచ్చినాడు. పేడ ఎత్తినాడు. ఇంత పని చేసే మనిషిని ఆయమ్మ మాత్రం ఎట్ల పొమ్మంటాది? బిడ్డింట్లో తినగూడదని బజార్లో బొరుగులు కొనుక్కోని తినేదంట. ఇంగ నువ్వు నిద్రపోతే చాలు, లోపలికి పోయి బూట్లు తొడిగేది. ఆయమ్మ వచ్చి ఇప్పేది. ఈయన పోయి మళ్లా తొడిగేది. ఇద్దరికీ మాటల్లేవు. మీయమ్మ నడాన పడి బిక్కచచ్చిపోయింది.

ఈడ నాకు కలుపు పని, ఎద్దుల పని, అన్నీ ఒక్కదానికే. యాష్టపడి యాష్టపడి ఒక దినం ఎద్దులను మా తమ్మునికి అప్పజెప్పి నేనే పామిడికి పోయినా. పోతానే మీ జేజి ఎదురొచ్చి, అమ్మా మీ ఆయన్ను తీస్కపో, నలుగురిలో నా మర్యాద పోతాంది అనింది. నాకు తల యాడ పెట్టుకోవల్లో తెలీలా. పంచలో ఈయన బర్రె పలుపు పేనుకుంటా కూచోనున్యాడు. గడ్డం మాసి, చొక్కా మాసి, చిక్కి సగమైపోయిండాడు.

"రాప్పా ఇంటికి," అన్యా. "నీకు సిగ్గు లేకపోయినా నాకుండాది."

"నువ్వు పో. పాప నడిచినాక వస్తా."

"అది నడిచేదానికి ఇంగా ఏడాది పడతాది."

"పట్టనీ."

బస్సులో కదిరిదాంకా ఏడుస్తానే వచ్చినా. పక్కన కూచున్నామె, ఎవురన్నా పోయినారా తల్లీ అనడిగింది. లేదమ్మా, ఉన్యాడు, అదే బాధ అన్యా.

ఆ తర్వాత జరిగింది మీయమ్మ చెప్తే తెలిసింది. ఈయనకు జ్వరమొచ్చిందంట. జ్వరంలోనే నీళ్లకు పోయినాడంట. బిందె భుజానేసుకోని తూలుకుంటా వస్తాంటే మీ జేజి వాకిట్లో నిలబడి చూసిందంట. బిందె తానే దించుకునింది. ఆపొద్దు సంగటి ముద్ద, పప్పు పళ్లెంలో పెట్టి తెచ్చి, ఆయన ముందర పెట్టి, తినన్నా, అనింది. అన్ని దినాల్లో అదే మొదటి మాట. ఈయన తిన్యాడు. తినకూడదనే పట్టు ఆపొద్దు పక్కన పెట్టినాడు. రెండు దినాలకు జ్వరం తగ్గినాక కసువుకు పోయి వచ్చి, నిన్ను చూసేదానికి లోపలికి పోతే నువ్వు నిద్రపోతాండావు, బూట్లు ఏసుండాయి. మీయమ్మ ఏసిందేమో అనుకున్యాడు. మీయమ్మ పెన్నలో చెలమ కాడ బట్టలు ఉతుకుతాంది. మీ జేజి నీ పక్కన కూచోని, నువ్వు కదిలినప్పుడంతా ఆ కడ్డీ మీద చెయ్యి పెట్టి జో కొడతాంది.

ఆ సాయంత్రమే బస్సెక్కినాడు. నేను దీపం పెడతాంటే వచ్చి వాకిట్లో నిలబడినాడు. నడిచినాక వస్తానన్యావు గదప్పా, అప్పుడే వచ్చినావేమి అంటే, ఆయమ్మే ఏస్తాంది, ఇంగ ఆడ నాతో పనేముండాది అన్యాడు. అనేసి పోయి ఎద్దుల ముందర కసువు సరిగ్గా ఏసిండామో లేదో చూసుకుంటాండాడు. అన్ని దినాలు వాటిని చూసుకునింది నేను. నా మొగం చూల్లేదు.

నువ్వు నడిచింది మీ జేజి ముందరే. అంగడి కాడి ఫోనుకు కబురు చేసినారు. ఈయన పరిగెత్తి పోయి విన్యాడు. సరే సరే అని పెట్టేసినాడంట. మర్నాడు పామిడికి పోయి చూసి సంతోషంగా వస్తాడనుకున్యా. కోపంగా వచ్చినాడు. గులకరాళ్లలో ఉత్త కాళ్లతో నడిపిస్తాండారంట పాపను. చూస్తివా ఈ మనిషిని?

ఇప్పుడు నువ్వు బెంగళూరులో ఆ బట్టలంగట్లో దినమంతా నిలబడుకోని పని చేస్తాండావు. నిలబడి చేసే ఉద్యోగమంట అని ఊర్లో కనపడినోనికల్లా చెప్పినాడు. జీతమెంతో ఒక్కనికీ చెప్పలేదు, అది ఆయనకు తెలీదు గూడా.

ఇంగ ముసలోడయినాడు, మోకాళ్లు పోయినాయి, కూచోప్పా అంటే కూచుంటాడా? కట్టె పట్టుకోని చేనుకు పోతాడు. నేను కట్టె దాచిపెడితే గోడ పట్టుకోని పోతాడు. పోయిన ఎండాకాలం పడిపోయి తుంటి ఇరిగినాక గదా మంచానికి వచ్చింది. మంచంలో గూడా, ఊరికే పండుకోని ఏం జేయల్ల, విత్తనం కాయలు తీస్కరా అన్యాడు. ఒల్చినాడు. పక్కంతా పొట్టే. దుప్పటి ఇదిలిస్తా ఇదిలిస్తా నా చేతులు పడిపాయ.

అయినా ఒకటి చెప్తా మే. ఆ నెలే ఆయన నాకు దొరికింది. యాడికీ లేచిపోలేడు గదా. నేను మంచం పక్కన కూచుంటే, ఆయన ఒలుస్తా, నేను చెరుగుతా. ఒక దినం ఒల్చేది ఆపి నా తట్టు చూసినాడు.

"నీకు తినేదానికి ఏమిష్టం?" అన్యాడు.

నాకు ముందు అర్థం కాలా. మళ్లా అడిగినాడు. ఇన్నేండ్లు కాపురం చేసి, నా చేత్తో వండింది తిని, అప్పుడడుగుతాండాడు. కోపం రావల్లా వద్దా? వచ్చింది. అనపగింజల పులుసు అన్యా. మనింట్లో ఎప్పుడూ చేయలేదే అన్యాడు. నీకు పడదని చేయలేదప్పా అన్యా. చేతిలో కాయ అట్లనే పట్టుకోని ఉండాడు. రేపు చెయ్యి, నేనూ తింటా అన్యాడు.

చేసినా. తిన్యాడు. కడుపు నొప్పొచ్చి అవస్థ పడినాడు, ఆపొద్దంతా నేను వాముపొడి నీళ్లు తాపిస్తా కూచున్యా. అయినా బాగుంది అన్యాడు. వారం తిరగలేదు, పోయినాడు...

ఆపు మే దాన్ని. సరేలే, ఉండనీ. నీకు సంబంధాలు చూస్తాండారంట గదా. మంచోడే రానీ, కష్టపడేటోడే రానీ. నీ కాపురం చల్లగుండల్ల, నూరేండ్లు నీ కాళ్లకు నొప్పి తెలీకుండ తిరగల్ల నువ్వు. అయితే ఒకటి, రవంత కూచునేటోడు దొరకల్ల నీకు. నీ పక్కన కూచోని, ఏం తింటావే అని వయసులో ఉండంగానే అడిగేటోడు. పో, చెయ్యి కడుక్కోని రా. అనపగింజల పులుసు చేసిండా. ఈపొద్దు ఎవురికీ పడకపొయ్యేది లేదు గదా...