రేకు శాలువా

ఈ సంగతి నాకు మొదట చెప్పింది దర్జీ. అదే, మార్కెట్ మూల మీద మిషన్ వేసుకుని కూర్చునేవాడు. వాడంటే నాకు ఇప్పటికీ పడదు, అయినా చెప్పింది వాడే కాబట్టి వాడి దగ్గరే మొదలెట్టాలి. కూర్చోవే, ఆ ఫోను పక్కన పెట్టు. నిన్న లైబ్రరీలో మంత్రసానమ్మ పటం కింద చీటీ చదివి వినిపించావు చూడు, గీసినది స్టూడియో ఓనరుగారని, అప్పట్నుంచీ నాకు అన్నం సహించడం లేదు. ఆయన జన్మలో పెన్సిలు చెక్కిన మనిషి కాదు. కెమెరా వెనక నిలబడి కదలకండి, కదలకండి అనడమే ఆయన పని. చిన్న ఫొటో ఇస్తే పెద్ద పటం గీసేది వెనక గదిలో వాళ్ళ అక్కయ్య. సంతకం మాత్రం ఈయనగారిది.

నేనప్పుడు గోడలకి సున్నం వేసేవాణ్ణి. కొత్తగా పెళ్ళయింది. మా మామగారు వెళ్ళి, మా అల్లుడి చెయ్యి నిలకడైందమ్మా అని బతిమాలి నన్ను ఆవిడ దగ్గర చేర్చారు. చేర్చుకుంది గానీ చేతికి పెన్సిలిస్తేగా! ఒళ్ళో ఒక కుండ పెట్టి, కళ్ళు మూసుకుని తడమమంది. నీ వేలు ఎక్కడ వంగుతోందో నీ నీడా అక్కడే వంగాలంది. సరే, గీశాను, సున్నా చుట్టినట్టు గుండ్రంగా. బాగుందనీ అనలేదు, లేదనీ అనలేదు. కాగితం పట్టుకుని, నన్ను వెంటేసుకుని కుమ్మరి దగ్గరికి బయల్దేరింది. ఇందులో నీళ్ళు నిలుస్తాయా అని అడిగితే ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, ఇది కుండ కాదమ్మా, కుండ మీది మూత అన్నాడు. ఇదీ వరస. చెక్క గీస్తే వడ్రంగికి, చెప్పు గీస్తే చెప్పులు కుట్టేవాడికి. వాళ్ళు సరేనంటేనే సరే. ఊరందరి ముందూ పరువు తీస్తోందని ఇంటికొచ్చి మీ నానమ్మ మీద ఎగిరేవాణ్ణి. నా మీద ఎగిరితే కుదురుతుందా, వెళ్ళి మళ్ళీ గీయండి అనేది.

ఇంతలో మంత్రసానమ్మ పటం వచ్చింది. ముఖం కుదిరింది, కానీ భుజం మీది ఉన్ని శాలువా కుదిరి చావలేదు. పోగు పోగూ గీశాను, మెడ పట్టేసింది. దర్జీకి చూపిస్తే, ఇది శాలువానా, రేకా, అన్నాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు నుంచి వాడి దగ్గర చొక్కా కుట్టించుకోలేదు నేను. అక్కయ్య మాత్రం కదల్లేదు, ఎందుకు రేకంటున్నావు, ఎక్కడ గట్టిగా ఉంది అని వాణ్ణి గుచ్చి గుచ్చి అడిగింది. అంతటా ఒకే తీరు, అంచేమో కత్తిలా ఉంది అన్నాడు వాడు. గదికొచ్చాక నాతో, "పోగులన్నీ గీయకు నాయనా. వెలుగు పోయి నీడ మొదలయ్యే చోట నాలుగు చూపించు, మిగతా మెత్తదనం చూసేవాళ్ళే నింపుకుంటారు" అంది. గీశాను, చెరిపాను, కాగితాలు చిరిగిపోయేదాకా చెరిపాను. చివరికోరోజు ఆ దర్జీ పటంలోని శాలువా కొసని రెండు వేళ్ళతో పట్టుకోబోయి, సిగ్గుపడి చెయ్యి తీసేశాడు.

అక్కయ్య పోయాక దర్జీ నన్ను పిలిచి చెప్పాడు. ఆవిడకి అప్పటికే చూపు మసకట. కాగితం మీద నలుపుందని తెలిసేదే గానీ, ఆ నలుపు కుండో బండో తెలిసేది కాదట. తమ్ముడికి తెలిస్తే వెనక గది మూసేసి నన్ను మళ్ళీ సున్నం బకెట్ దగ్గరికి పంపేస్తాడు. అందుకని, "నా కళ్ళు నువ్వే, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ కుర్రాడు తిట్టుకుంటే నన్ను తిట్టుకోనీ" అని వాణ్ణి బతిమాలిందట. మనమున్న ఈ ఇల్లు, మీ నాన్న చదువు, అన్నీ ఆవిడ చూపించమన్న ఆ నాలుగు పోగుల మీదే నిలబడ్డాయే తల్లీ.

ఇప్పుడు ఓనరు కొడుకు, మా అత్తకి కళ్ళే కనపడేవి కావు, ఆవిడేం చేసింది, అంతా మా నాన్నే అని చెప్పి ఆ చీటీ పెట్టించాడట. నాకు చదువు రాదు, సంతకం కూడా బొమ్మలా గీస్తాను. నువ్వెళ్ళి ఆ లైబ్రరీ ఆయనతో మాట్లాడు. ఓనరు పేరు తీయించు. గీసింది నేనని రాయించు, నేనే గీశాను కాబట్టి. దాని పైన, నేర్పింది అక్కయ్య అని, నా పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి. దర్జీది అక్కర్లేదు. లేదా... సరే, వాడిదీ ఓ మూల వేయించు.