వినికిడి పరీక్ష

బట్టల మిల్లులో పాతికేళ్లు మరమగ్గాల మధ్య పనిచేసిన కార్మికుడు, నష్టపరిహారం కేసు అప్పగించడానికి లాయరమ్మ ఎదుట కూర్చున్నాడు.

“కాస్త ఇటు తిరిగి చెప్పండమ్మా. పెదాలు చూస్తేగానీ అర్థం కాదు.”

“కేసు నేను తీసుకుంటానండీ. ముందు మీరు చెవుల పరీక్ష చేయించుకోవాలి.”

“అది లేకుండా కుదరదా?”

“కుదరదు. ఎందుకంత భయం?”

“ఆ కాగితాలు మా అమ్మాయి చదివేస్తుందమ్మా. సంగీతం నేర్చుకుంటోంది. రోజూ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని పాడి, ఎలా ఉంది నాన్నా అంటుంది. బాగా పాడావు తల్లీ అంటాను.”

“తనకి తెలీదా?”

“కాస్త చెవుడనే అనుకుంటోంది. నాకు దాని పాట వినపడక రెండేళ్లయింది.”

“కాగితం చూసి తెలుసుకుంటే ఇంకా బాధపడుతుంది కదండీ.”

“నిజమేనమ్మా. రేపు పొద్దున్నే పరీక్షకి వెళ్తాను. ఇవాళ మాత్రం దాన్ని పాడనిచ్చి, ఆ తర్వాత నేనే చెప్తాను.”