పెళ్లికొడుకు పంచె మీద పసుపు మరక

"నాయనమ్మా, పసుపు మీద సబ్బు పడితే ఎర్రగా అవుతుంది కదా. అది భౌతిక మార్పా, రసాయన మార్పా? రేపు పరీక్ష."

ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఆ మార్పు వల్లేనే నా పెళ్లి ఆగిపోబోయింది. రా, ఇలా కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు.

మా పుట్టిల్లు రేపల్లె కదా. మీ తాతవాళ్లు తెనాలి నుంచి రైల్లో దిగారు, సగం ఊరు వెంటేసుకుని. విడిది మా పక్కిల్లే. కొత్త బట్టల మూలలకి పసుపు పెడతాం చూడు, చిటికెడు, అంతే. మా పిన్ని, చీరాల పిన్ని... కాదు కాదు, ఆవిడ పెద్ద పిన్ని, ఇది బాపట్ల పిన్ని. ఆవిడకి చిటికెడు అనేది తెలీదు, కూరలో ఉప్పూ అంతే. తడి పసుపు అరచేత్తో పెళ్లికొడుకు పంచెకి పులిమేసింది. మీ తాత అక్క అది చూసి ఊరుకోవచ్చా? బట్టల సబ్బు పెట్టి పంపు దగ్గర ఓ రుద్దుడు రుద్దింది. ఇంకేముంది, మేకని కోసినట్టు ఎర్రగా తేలింది.

మీ తాత మేనత్త ఉండేది, మహా గయ్యాళి. ఆ పంచె పట్టుకుని మా వాకిట్లోకొచ్చి ఒకటే కేకలు. రక్తం రంగంట, కీడంట, ఈ సంబంధం వద్దంట, సాయంత్రం రైలుకి పోదాం పదండంట. మా నాన్న చేతులు నలుపుకుంటూ "వదినగారండీ, వదినగారండీ" అంటూ ఆవిడ వెనకే తిరిగాడు. నేను లోపల గౌరీపూజలో ఉన్నా. అక్షింతలు వదిలేసి ఆ కేకలే విన్నా. మీ తాత నాకు నచ్చాడే, దాచడమెందుకు!

అప్పుడు నా కాళ్లు చూసుకున్నా. ఎర్రగా పారాణి. అదేంటి మరి? పసుపూ సున్నమేగా! చిన్నప్పుడు బళ్లో పిల్లలు ఏడిపిస్తారని నిమ్మచెక్కతో రుద్దేస్తే పసుపైపోయేది. లేచి బయటికొచ్చేశా, బాసికంతో సహా. మా మామగారి చేతిలో మర్యాదకిచ్చిన నిమ్మకాయుంది. లాక్కుని, కత్తెక్కడ వెతుకుతాను, పంటితో కొరికి పంచె మీద పిండేశా. ఎరుపు పోయి పసుపొచ్చేసింది!

అందరూ నోళ్లు తెరిచారు. ఆ మేనత్త ఊరుకుందా? ఎర్రగా ఉంటే కీడంది, పచ్చగా అయితే చేతబడంది! అప్పుడు ప్రహరీ మీంచి మీ తాత తల పైకొచ్చింది, ఒంటి మీద తువ్వాలు తప్ప ఏం లేదు. "అత్తయ్యా, పంచె ఇటివ్వు. ముహూర్తం దాటిపోతోంది, నాకు చలేస్తోంది" అన్నాడు. అంతే, పెళ్లయిపోయింది. పీటల మీద మాత్రం ఆయన పక్కన కూర్చుంటే పులిహోర వాసన!

ఏంటీ, రసాయన మార్పు వెనక్కి రాదని ఉందా పుస్తకంలో? మాడిన పెసరట్టు రాదు, నిజమే. ఇది వచ్చిందిగా! రసాయన మార్పనే రాయి, "సాధారణంగా" అని ఓ ముక్క తగిలించు.

భౌతిక మార్పు కావాలా? అదిగో, మంచం మీద గురక పెడుతోంది చూడు. జుట్టూడింది, పొట్టొచ్చింది, ఆకారమంతా మారిపోయింది. పదార్థం అదే. మొన్న పాలాయన నా మీద గొంతు పెంచాడా, స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు మహానుభావుడు.

పో తల్లీ, బాగా రాయి, చల్లగా ఉండు. మార్కు వేయలేదో, నిమ్మకాయ పట్టుకుని మీ బడికి నేనే వస్తా.