విశ్వేశ్వరరావు సారు కండ్లద్దాలు

ఏంది తేజా, గా గూట్లున్న కండ్లద్దాలు చూస్తున్నవా? ముట్టకు బిడ్డా, జర దూరంకెల్లే చూడు. నావి కావు, విశ్వేశ్వరరావు సారువి. నీకెట్ల తెలుస్తడు, నువ్వు మా మేడ మీదికి కిరాయికొచ్చి నాలుగొద్దులు కాలే. కూసో, చాయ్ వస్తుంది, చెప్త. సారు గోదావరి దిక్కు మనిషి. పట్నంల పిల్లల డాక్టరు, దాని మీద రీసెర్చి. పుట్టంగనే ఊపిరి తీయని పిల్లల మెదడుకు ఏమైతది, ఎట్ల కాపాడాలె, గదీ ఆయన పట్టిన పని. గప్పుడు మన ఖాజాగూడల గీ అద్దాల బిల్డింగులు యాడియి? రాళ్ళు, చెరువు, మా బర్రెలు. మాదాపూర్ల అప్పుడప్పుడే పెద్ద టవరు లేస్తుండె, రోడ్లన్నీ తవ్వి పెట్టిండ్రు. సారు స్కూటరు మీద దుమ్ము కొట్టుకపోయి వస్తుండె, ఎనక సీటుకు ఓ రబ్బరు బొమ్మ కట్టుకొని. ఊరంతా నవ్విండ్రు, నేనూ నవ్విన. మా ఊరి మంత్రసాని రుక్కమ్మకు ఆ బొమ్మ మీద నేర్పిండు. పిల్ల ఏడ్వకుంటే తలకిందులు చేసి కొట్టొద్దండి, తుడిచి, తల సరిగా పెట్టి, ముక్కూ నోరూ మూసేట్టు ఈ కప్పు ఆనించి, ఈ గాలి సంచి మెల్లగా నొక్కండి, లోపలికి గాలి పోతుందండి అని. నువ్వెంతమందిని కన్నవ్ సారూ అని అడిగింది రుక్కమ్మ. అయినా నేర్చుకుంది, ఆ సంచి తన కాడనే ఉంచుకుంది, మొండి మనిషి.

ఇగ మా బిడ్డ సౌజన్యకు నొప్పులొచ్చినయ్. దవాఖానకు తీస్కపోదామంటే జీపు ఆ తవ్విన రోడ్ల దిగబడె. ఇంట్లనే కాన్పు. పిల్ల పుట్టింది, సప్పుడు లేదు. నీలంగ, తడిసిన పేలిక లెక్క. నా భార్య చెన్నమ్మ పిల్ల చెవుల కాడ కంచు పళ్ళెం మోగియ్యనీకి ఉరికింది, గప్పటి రివాజు గదే. పళ్ళెం పక్కకు పెట్టమని కసిరింది రుక్కమ్మ. సంచి నొక్కుతనే ఉంది. దర్వాజ పట్టుకొని నిలబడ్డ, నా పానం నాకాడ లేదు. శానాసేపటికి క్యార్ మన్నది. తెల్లారి సారొచ్చి, ఎంతసేపటికి ఏడ్చిందండి అని అడిగితే చెన్నమ్మ ఏమన్నదో తెలుసా, పుట్టంగనే ఏడ్చింది సారూ అన్నది. ఆడపిల్లాయె, రేపు పెండ్లినాడు ఎవరన్న మాట తీస్తే? ఊర్ల అందరూ గట్లనే చెప్తుండ్రి. సారు మొహం వాడిపోయింది. "అందరి పిల్లలూ పుట్టగానే ఏడుస్తున్నారండి. మరి ఏ పిల్లకి ఏమవుతుందో నేనెలా తెలుసుకునేది?" అన్నడు. రుక్కమ్మ ఊకుంటదా? ఏడ్వలే సారూ, నేనే ఊపిరి పోసిన అని చెప్పేసింది. చెన్నమ్మ దాంతోని మాట బంద్ చేసింది.

సారు మాత్రం మమ్మల్ని ఇడువలే. నెలనెలా వచ్చుడు, పిల్ల ముందట ఎర్ర గాజు ఊపుడు. కుడి చెయ్యి చాస్తుండె. ఎడమ పిడికిలి ఇప్పకపోతుండె. ఊపిరాడని దెబ్బ ఆ చేతికి తగిలిందని మాకు సమజైంది, గని ఎవ్వరం నోరు తెరవలే. మంచిగున్న పిల్లకు రోగం అంటగడుతుండని చెన్నమ్మ తిట్టుడు, సారు ఆమె ఇచ్చిన మజ్జిగనే తాగుడు. ఆ పిడికిలి మెల్లగ ఇప్పి, ఆ చేతికే అన్నీ అందియ్యమన్నడు. తిట్టుకుంటనే అందిచ్చింది, ఒక్కపూట మరువలే. తొలి పుట్టినరోజు నాడు సారు వంగి గాజు ఊపుతుండు. దొంగపోరి గాజు దిక్కు చూడనే లేదు. ఎడమ చెయ్యి లేపి, వేళ్ళన్నీ తెరిచి, సారు ముక్కు మీది కండ్లద్దాలు పట్టి గుంజింది. ఇడుస్తదా, ఇడువదు. చెన్నమ్మ తీయబోతే ఆపిండు. "వదిలేయండమ్మా, గెలుచుకుంది. ఇంక దానివే" అని నేల మీద కూలబడి నవ్వుతుండు, కండ్ల నిండ నీళ్ళు. అద్దాలు లేక స్కూటరు నడపరాదాయె, నేనే ఎనక కూసుండబెట్టుకొని పట్నం దాకా దింపొచ్చిన. తొవ్వంతా పాటలే ఇద్దరం.

అసలు సంగతి ఇను. నేను తిరిగొచ్చేసరికి చెన్నమ్మ గిన్నె నిండ పాయసం పట్టుకొని రుక్కమ్మ వాకిట్ల నిలబడ్డది. ఆడోళ్ళందరి ముందట గట్టిగ అన్నది: "నా మన్మరాలు పుట్టంగనే ఏడ్వలే. రుక్కమ్మ ఏడ్పిచ్చింది." ఇగ ఒక్కొక్కతె నోరు తెరిచింది, నా కొడుకూ ఏడ్వలే, నా బిడ్డా ఏడ్వలే అని. సారుకు గదే కావాలె. అన్నీ రాసి పెద్ద డాక్టర్ల ముందట పెట్టిండు. చుట్టు ఊర్ల మంత్రసానులందరి చేతుల్ల ఆ సంచి పడ్డది. ఎన్ని పానాలు నిలబడ్డయో. సారు పోయి శాన ఏండ్లాయె...

అగో, గేటు సప్పుడు. మా మన్మరాలు కావ్య ఆఫీసుకెల్లి వచ్చినట్టుంది. కూరగాయల సంచి ఏ చేత పట్టుకుందో చూడు.

సరేగని, చాయ్ సల్లారుతుంది, తాగు.