జువ్విచెట్టు కింద కంచం

ఏంటీ, నేనా? నేను పొయ్యను. పది రోజులు కాదు కదా, పది నిమిషాలు కూడా ఆ కుండీ బాధ్యత నాకొద్దు తల్లీ. నీ ఆఫీసు ట్రైనింగుకి నువ్వు హాయిగా వెళ్ళిరా. బట్టలు మడతపెట్టి ఉంచుతాను, పాలవాడికి చెప్తాను, నీ గది దుమ్ము దులుపుతాను. దానికి నీళ్ళు పొయ్యమని మాత్రం నన్ను అడక్కు. నవ్వకు. ఇంత మొక్కకి ఈ అమ్మమ్మ ఇంత రాద్ధాంతం చేస్తోందేంటి అనుకుంటున్నావు కదూ? మొక్కంటావేంటే దాన్ని, చెట్టది. బోన్సాయి అనేదొకటుందని నీకు మొన్న షాపులో తెలిసింది, నాకు మీ అమ్మ లాగూ లేకుండా తిరిగే రోజుల్నుంచీ తెలుసు. ముందు ఆ టీవీ పక్కనుంచి తీసి కిటికీలో పెట్టు, దానికి సీరియళ్ళు అక్కర్లేదు, వెలుతురు కావాలి. ఆ కింద ప్లేటు తీసెయ్. తీసెయ్యమంటున్నానా! షాపువాడిచ్చాడా? ఇస్తాడు, వాడిదేం పోయింది. కిటికీ తడిస్తే తుడుచుకుందాం, నువ్వు తియ్యి ముందు. ఆఁ, అలా. ఇప్పుడు కూర్చో. కారొచ్చేదాకా ఎటూ ఖాళీయే కదా నీకు.

నాకిదంతా తెలిసింది మా అన్నయ్య వల్ల. ఫొటోలో చూశావుగా, బుగ్గలు లోపలికిపోయి, చెవులు బయటికొచ్చి. పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళ సెట్లు కట్టేవాడు. డాక్టరు ముందు గదిలో పీకేవాడు, అన్నయ్య వెనక గదిలో కట్టేవాడు. పేరంతా ముందు గదికే, అదీ చూడు! పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడక్కు, కుదిరిన సంబంధం తప్పించిన ఆ పిల్ల తండ్రిని తిట్టడానికే ఓ పూట పడుతుంది. మా మేడ మీద గదిలో ఉండేవాడు. ఆ డాక్టరు గోడకి నీళ్ళ గొట్టం పక్కన పగులులో జువ్విమొక్క ఒకటి మొలిచింది. డాక్టరు ముక్కుతో మాట్లాడేవాడులే, "పీకి పారెయ్యవయ్యా దాన్ని, గోడ బద్దలైపోద్ది" అన్నాడు. అన్నయ్య పీకాడు, పారెయ్యలేదు. పళ్ళ అచ్చుకి ప్లాస్టరు కలిపే రబ్బరు గిన్నె ఉంటుంది, దాని అడుగున చిల్లి పెట్టి అందులో నాటాడు. అక్కణ్ణుంచి ఇరవై రెండేళ్ళు. ఇరవై రెండు! మూరెడు దాటనివ్వలేదు దాన్ని. పళ్ళకి కట్టే తీగే కొమ్మకి చుట్టి వంచేవాడు, బెరడు కోసుకోకముందే విప్పేసేవాడు. రెండేళ్ళకోసారి పైకి తీసి, పళ్ళ సందులు గీకే కొక్కెంతో వేళ్ళు దువ్వి, పొడుగువి కత్తిరించి, మళ్ళీ నాటేవాడు. ఒకరోజు నన్ను పైకి పిలిచాడు. ఏదో కొంప మునిగిందనుకుని పిండి చేతులతో పరిగెత్తాను. "చెల్లీ, ఈ కొమ్మ ఇటు తిరగడానికి తొమ్మిదేళ్ళు పట్టింది, చూడు" అన్నాడు. తొమ్మిదేళ్ళలో మీ అమ్మ పుట్టి, నడిచి, బడికెళ్ళి, నాకే లెక్కలు నేర్పుతోంది, ఈయనగారికి ఒక్క కొమ్మ తిరిగింది. అదే అన్నాను. నవ్వాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఏమన్నా నవ్వేవాడు. అదే నాకు ఒళ్ళు మంట.

ఇక ఆ ప్రెసిడెంటు. అమ్మో, వాడి సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఊళ్ళో చిట్టిచెట్ల సంఘమని ఒకటుండేది, ఏటా హాల్లో చెట్లన్నీ వరసగా బల్లల మీద పెట్టి చూపించేవాళ్ళు. దాని ప్రెసిడెంటు ఎవరనుకున్నావు? కలప డిపో ఆసామి! వారమంతా రంపాలు పెట్టి చెట్లు కోయించడం, ఆదివారం పూట చెట్ల మీద ప్రేమ గురించి మైకులో మాట్లాడటం. పైగా ఆ మాట్లాడే నోట్లో ఉన్నవి ఎవరు కట్టిన పళ్ళు? మా అన్నయ్య కట్టినవే, పైవీ కిందవీ! అన్నయ్య మొట్టమొదటిసారి తన జువ్విచెట్టు తీసుకెళ్తే, ఈయనగారు కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, "చెట్టేమో ఇంత, ఆకేమో అంత. పసిపిల్లాడికి తండ్రి చొక్కా వేసినట్టుందయ్యా" అని, ముందు వరసలోంచి తీయించి వెనక మంచినీళ్ళ డ్రమ్ము పక్కన పెట్టించాడు. గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ దాని మీద నీళ్ళు ఒలకబోసి పోయాడు. నేను ఊగిపోతున్నాను. అన్నయ్య మాత్రం, "ఆయనన్నది నిజమే చెల్లీ, ఆకు పెద్దదే" అన్నాడు. నిజమేనట! నిజమైతే మాత్రం అలా అంటారా?

మరుసటేడు మళ్ళీ పెడదామని పంతం పట్టాడు. పంతమంటే మనలాగా అరవడం కాదు, పని చెయ్యడం. ప్రదర్శన ఆరేడు వారాలుందనగా ఒక ఆదివారమంతా కూర్చుని చిన్న కత్తెరతో ఆకులన్నీ తీసేశాడు. ఒక్కటి మిగల్చలేదు, ఉత్త కాడలుంచాడు. అలా చేస్తే కొత్తగా వచ్చే ఆకులు చిన్నవిగా వస్తాయిట. మర్నాడే క్లినిక్కులో కడుపునొప్పని మెలికలు తిరిగిపోయాడు, అటునుంచటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. లోపల అపెండిక్సు పగిలిపోయింది. పదహారు రోజులు అక్కడే. ఆపరేషనుకి లోపలికి తోసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని, "చెల్లీ, పైన చెట్టు... ఎక్కువ పొయ్యకు. మట్టిలో వేలు పెట్టి చూసి, ఎండితేనే పొయ్యి" అన్నాడు. విన్నాను. వినలేదని చెప్పను, ఈ రెండు చెవులతోనే విన్నాను.

సాయంత్రం పైకెళ్ళి చూస్తే ఏముందే? మోడు. కింద కాగితంలో ఆకుల కుప్ప. అన్నయ్యకిలా అయింది, చెట్టుకీ ఇలా అవుతోంది, ఇంటికొచ్చి చచ్చిన చెట్టు చూస్తాడా అనిపించింది. ఆకులు తీశానని ఆదివారం తను చెప్పనే చెప్పాడు. అయినా కళ్ళకి మోడు కనపడుతుంటే చెవిన పడ్డది ఎవరికి గుర్తుంటుంది? పొద్దున పోశాను. మధ్యాహ్నం పోశాను. ఆసుపత్రి నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా మేడెక్కి పోశాను. పోసినవి పోసినట్టు అడుగు చిల్లిలోంచి కారిపోతున్నాయి. అయ్యో, తాగకముందే పోతున్నాయే అని, వంటింట్లో నేను తినే కంచం తెచ్చి దాని కింద పెట్టి, కంచం నిండా నీళ్ళు నింపాను. ఎంత తెలివో చూడు. ఆకులే లేని చెట్టు నీళ్ళేం తాగుతుందే? పదహారు రోజులూ దాని కాళ్ళు నీళ్ళలో ఉంచాను. మీ తాతయ్య, "ఎందుకే అన్ని పోస్తావు" అంటే, "మీకు చెట్లూ తెలియవు, మనుషులూ తెలియరు" అని ఆయన మీదకి లేచాను పాపం.

అన్నయ్య ఇంటికొచ్చాడు. వద్దంటే వినకుండా పొట్ట పట్టుకుని మెట్లెక్కాడు, వెనకే నేను. మొగ్గలు వచ్చాయే, ఎర్రగా సూది మొనల్లా వచ్చి, అన్నీ నల్లబడిపోయాయి. గిన్నె ఎత్తి మట్టి వాసన చూశాడు. కుళ్ళు వాసన గుమ్మంలో ఉన్న నాకే కొడుతోంది. కంచం వంక చూశాడు. నా వంక చూడలేదు. కంచంలో నీళ్ళు పారబోసి, కిందికొచ్చి, సబ్బు పెట్టి కడిగి, గూట్లో దాని చోట దాన్ని పెట్టాడు. అంతే! ఆ చెట్టుని బతికించాలని నెల్లాళ్ళు తంటాలు పడ్డాడు, మట్టి మార్చాడు, కుళ్ళిన వేళ్ళు కోశాడు, లాభం లేకపోయింది. ఎవరడిగినా ఒకటే పాట. "ఆకులన్నీ ఒకేసారి తీసేశాను, తట్టుకోలేకపోయింది. తొందరపడ్డాను."

ఆ ఏడు ప్రదర్శనకి ఉత్త చేతులతో వెళ్ళాడు, నన్నూ రమ్మన్నాడు. మూడో వరసలో కూర్చున్నాం. ఆ కలప డిపో ఆసామి మైకు పట్టుకుని, పళ్ళు టకటకలాడిస్తూ, "మనలో ఒకాయన, పేరెందుకులెండి, బహుమతి మీద ఆశకొద్దీ ఇరవయ్యేళ్ళ చెట్టుని ఒక్క రోజులో చంపుకున్నాడు. చెట్టుకి ఓర్పు కావాలి, ఆశ కాదు" అన్నాడు. పేరెందుకులెండి అంటూనే మా వరస వంక చూశాడు, హాలంతా తిరిగి చూసింది. ఓర్పు గురించి మా అన్నయ్యకి వాడు చెప్పడమా! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. లేచి నిలబడి, "నోరు ముయ్యవయ్యా, చంపింది ఆయన కాదు, నేను" అందామని కొంగు దోపాను. దోపి... దోపుకుని అలాగే కూర్చున్నాను. అన్నయ్య చప్పట్లు కొట్టాడు. అందరితోపాటు కొట్టాడే!

తర్వాత ఆ పెద్దమనిషికి కింది సెట్టు వదులైతే క్లినిక్కుకొచ్చాడు. అన్నయ్య రెండు రోజులు కూర్చుని సరిచేసిచ్చాడు. "చిగుళ్ళలో గుచ్చుకునేట్టు కట్టు అన్నయ్యా, ఒక్క వారం గంజి తాగనీ" అన్నాను. నవ్వాడు. వాణ్ణి ఈ నలభై ఏళ్ళుగా తిడుతున్నాను కదా, మీ అమ్మనడుగు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను వాడి సంగతి. కంచం సంగతి మాత్రం... ఇదిగో, ఇవాళ నీకే. అన్నయ్య ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, ఇంకో చెట్టు పెంచలేదు. ఆ పదకొండేళ్ళూ నా చేతి వంటే తిన్నాడు. నేను చెప్పలేదు, తను అడగలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "వేలు పెట్టి చూడమన్నాను కదే దద్దమ్మా" అని తిడితే ఆయన సొమ్మేం పోయేది? తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, ఏడ్చి చెప్పేసేదాన్ని. అంత మంచితనం ఎందుకే మనుషులకి, ఎవరికి పనికొచ్చింది?

సరే. రోజూ వేలు పెట్టి చూస్తాను, ఎండితేనే పోస్తాను. కానీ ఒకటి. అది చచ్చిపోయిందే అనుకో, షాపువాడిది తప్పు, ఎండది తప్పు, నేనే సరిగ్గా చెప్పలేదు అని కబుర్లు చెప్పకూడదు. నన్ను తిట్టాలి. నా మొహం మీదే, నోరారా తిట్టాలి. తిడతావా? తల ఊపడం కాదు, నోటితో చెప్పు. ఆఁ. అదిగో హారను కొడుతున్నాడు, నీ కారే అయ్యుంటుంది, లే. ఇదిగో, ఆ ప్లేటు కూడా నీ సంచీలో పడేసుకో. ఇంట్లో ఉంచకు దాన్ని.